మా ఊరి బీడులో పదివేల మొక్కలు, పిట్టల కోసం: సలహాలు కావాలి

మిడుతూరు_టు_డాలస్ | ఆదివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది నంద్యాల జిల్లా మిడుతూరు మండలం (నేను పుట్టినప్పుడు కర్నూలు జిల్లా). పన్నెండేళ్లుగా డాలస్‌లో ఉంటున్నా. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఏటా ఊరికి ఏదో ఒకటి చేస్తుంటాం. గుడికి రంగులు, బడికి బెంచీలు అయిపోయాయి. ఈసారి పర్యావరణం అన్నారు.

ఊరికి పడమర నలభై ఎకరాల దాకా బీడుంది. రాళ్లు, బోదగడ్డి, అక్కడక్కడ రేగు పొదలు తప్ప ఏమీ లేదు. వానలు పడేలోపు గుంతలు తీయించి పదివేల మొక్కలు నాటాలని ప్లాన్. మా తాత చిన్నప్పుడు బట్టమేక (ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పిట్టల కథలు చెప్పేవాడు. మనిషి నడుము దాకా వచ్చేవట. చెట్లు పెరిగితే మళ్లీ వస్తాయని ఆశ. పిట్టలకు ఏ మొక్కలైతే మంచివి? బడ్జెట్ ఆరు లక్షలు.

పచ్చదనం_ప్రసాద్ | 8:15

సూపర్ బ్రదర్. రావి, మర్రి, నేరేడు, మేడి. పండ్లుంటే పిట్టలు వాటంతటవే వస్తాయి. మొదటి రెండేళ్లు ట్యాంకర్‌తో నీళ్లు తప్పవు. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

కొర్రన్నం | 8:52

కానుగ కూడా పెట్టండి. మేకలు ముట్టవు.

పిట్టలదొర | 9:30

అన్నా, ఆ ఆరు లక్షలు ఇంకా ఖర్చు పెట్టలేదు కదా? పెట్టకుంటే ఒక్క వారం ఆగండి.

బట్టమేక చెట్టెక్కే పిట్ట కాదు. కొమ్మ మీద వాలదు, చెట్టు మీద గూడు కట్టదు. నేల మీద నడుస్తుంది, నేల మీదే తింటుంది, ఉత్త నేల మీదే గుడ్డు పెడుతుంది. అదీ ఏడాదికి ఒక్కటే, ఎప్పుడో తప్ప రెండోది ఉండదు. మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి ప్రపంచం మొత్తమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంత బరువున్న పిట్టకు కావలసింది నాలుగు దిక్కులా కనబడే నేల. నక్క వస్తోందా, కుక్క వస్తోందా అని దూరం నుంచే చూసుకోవాలి. మీరు చెట్లు నాటితే ఆ చూపు పోతుంది. పైగా కాకులకు, గద్దలకు కూర్చునే కొమ్మలు ఇచ్చినట్టవుతుంది. అక్కడ కూర్చుని కింద గుడ్డు ఎక్కడుందో చూసుకుంటాయి.

మీరు "ఏమీ లేదు" అన్న ఆ బీడే దాని ఇల్లు.

మిడుతూరు_టు_డాలస్ | 10:05

అంటే మొక్కలు నాటడం తప్పా?! ఇలాంటి మాట వినడం ఇదే మొదటిసారి. మేం మంచి చేద్దామనే కదా మొదలుపెట్టింది.

పిట్టలదొర | 10:21

మీ మీద కోపం కాదన్నా. ఇది మీ ఒక్కరి పొరపాటు కూడా కాదు. రెవెన్యూ రికార్డు తీయండి, ఆ భూమి బంజరు అనో, పోరంబోకు అనో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం మన హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీతో (ఉపగ్రహ చిత్రాలతో భూమిని లెక్కగట్టే ఇస్రో సంస్థ) కలిసి "వేస్ట్‌ల్యాండ్ అట్లాస్" అని వేస్తుంది. పొదల బీళ్లన్నీ అందులో వేస్ట్ కిందికే వస్తాయి. చెట్టు లేని నేల అంటే పనికిరాని నేల అని మనకు బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి నూరిపోశారు. అడవి శాఖ వాళ్లే చాలాచోట్ల గడ్డినేలల్లో సుబాబుల్, గ్లిరిసిడియా నాటించి, బట్టమేక ఎందుకు రావట్లేదా అని తల పట్టుకున్నారు.

మీ ఊరికి రోళ్లపాడు ఎంత దూరం?

మిడుతూరు_టు_డాలస్ | 10:24

బండి మీద పావుగంట. చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకెళ్లారు. జింకలు కనబడ్డాయి, పిట్ట కనబడలేదు.

రేగడి_రైతు | మధ్యాహ్నం 1:10

నాదీ ఆ పక్క ఊరే కాబట్టి చెప్తున్నా. ఆ పిట్ట కోసమే 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు. ఆరు చదరపు కిలోమీటర్ల పైన కొంచెం, అంతే. కంచె వేసి, గడ్డి పెంచి, కాపలా పెట్టారు. పిట్టలు కొన్నాళ్లు బాగానే ఉన్నాయి. మా నాయన జొన్న చేలో చూసేవాడు. మగది గొంతు కింద సంచి ఉబ్బించి, తోక ఎత్తి, "హూఁ" అని మూలిగితే ఆ చివర చేనుకు వినబడేదంట.

ఆ తర్వాత కథ ఎవరూ సరిగ్గా చెప్పరు. కంచె లోపల పిట్ట కంటే జింకలు ఎక్కువయ్యాయి. పదుల్లో ఉన్న కృష్ణజింకలు వందలయ్యాయి. రాత్రయితే బయటికొచ్చి మా చేలు మేసేవి. కొట్టామా, కేసు. ఊరుకున్నామా, పంట పోయె. జింక మీద కోపం పిట్ట మీదికి తిరిగింది. "ఈ పిట్ట వచ్చి మా నోట్లో మన్ను కొట్టింది" అనేవాళ్లు పెద్దోళ్లు. పాపం పిట్ట ఏం చేసింది!

ఇంకోటి. కేసీ (కర్నూలు-కడప) కాలువకని పక్కనే అలగనూరు రిజర్వాయర్ కట్టారు. నీళ్లొచ్చాక జొన్న, కొర్ర, సజ్జ వేసే చేలల్లో పొద్దుతిరుగుడు, పత్తి, మిరప వచ్చె. మందు కొట్టుడు పెరిగె. మిడతలు, పురుగులు లేని చేలో పిట్ట ఏం తింటుంది? నేను నీళ్లు వద్దనను, ఆ నీళ్లతోనే నా కొడుకు బీటెక్ చదివాడు. జరిగింది మాత్రం ఇదీ.

పిట్టలదొర | 1:48

రేగడి_రైతు అన్నా, ఈ పోస్టు ప్రింటు తీసి గోడకు అంటించుకోవాలి. బట్టమేక కంచె లోపల బతికే పిట్ట కాదు. గుడ్డు పెట్టేటప్పుడు గడ్డినేల కావాలి, మిగతా కాలమంతా చుట్టుపక్కల మెట్ట చేలల్లో తిరుగుతుంది. ఆరు చదరపు కిలోమీటర్లు కాపాడి, చుట్టూ ఉన్న వందల చదరపు కిలోమీటర్లు మారిపోతుంటే చూస్తూ కూర్చున్నాం. కంచె కాపాడింది జింకనే.

తుంగభద్ర_ఒడ్డు | సాయంత్రం 4:33

నేను సిరుగుప్ప, బళ్లారి జిల్లా. ఇంట్లో తెలుగు, బయట కన్నడ. మా వైపు దీన్ని "ఎరెభూత" అంటారు. ఎరె అంటే నల్లరేగడి. రేగడి చేలల్లో తిరిగే భూతం అన్నమాట :) చిన్నప్పుడు ఏదో దయ్యం అనుకునేదాన్ని. దక్షిణాదిలో ఇంకా ఒకటో రెండో కనబడేది మా సిరుగుప్ప చేలల్లోనే. రాజస్థాన్‌లో గోడావణ్, మరాఠీలో మాళ్ఢోక్. ఎన్ని భాషల్లో పేరుందో అన్ని చోట్లా ఉండేదన్నట్టే కదా. ఇప్పుడు పేర్లే మిగిలాయి.

కొర్రన్నం | 4:50

మొత్తం ఎన్ని ఉన్నాయి ఇప్పుడు?

పిట్టలదొర | 5:02

దేశం మొత్తమ్మీద 150కి అటూ ఇటూ అని అంచనా. ఎక్కువ భాగం జైసల్మేర్‌లోనే. మిగతా రాష్ట్రాల్లో ఒంటి పిట్టలు. గుజరాత్ నలియాలో అయితే ఆడపిట్టలు మాత్రమే మిగిలాయి, మగది లేదు. అక్కడ ఇంక పిల్ల ఎలా పుడుతుంది? 1963లో జాతీయ పక్షిని ఎంచినప్పుడు సలీం అలీ ఈ పిట్ట పేరే చెప్పారు. నెమలిని ఎంచుకున్నారు. నెమలికి ఏ ఢోకా లేదు, ఇప్పుడు మన చేలల్లో వేరుశనగ కూడా తింటోంది.

సబ్‌స్టేషన్_సుధాకర్ | రాత్రి 8:40

నేను కరెంటు లైన్ల డిజైన్‌లో పని చేస్తా, ఇప్పుడు పోస్టింగ్ రాజస్థాన్‌లో. అక్కడ దీనికి అసలు గండం తీగలు. పిట్ట కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా చూపు తక్కువ. బరువు వల్ల చప్పున పక్కకు తిరగలేదు. తీగ కనబడేసరికి ఆలస్యం అయిపోతుంది. డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ వాళ్లు థార్‌లో 4,200 చదరపు కిలోమీటర్ల మేర లెక్క వేస్తే, అన్ని జాతులూ కలిపి ఏడాదికి 84,000 దాకా పక్షులు తీగలకు తగిలి చస్తున్నాయని అంచనా వచ్చింది.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీగలు భూమిలో వేయమంది. మా ఆఫీసులో ఆరోజు టెన్షన్ మామూలుగా లేదు. హై వోల్టేజ్ లైన్ అంత దూరం భూమిలో వేయడం కుదిరే పని కాదు, నష్టం చాలా ఎక్కువ, జాయింట్ల దగ్గర ఫాల్ట్ వస్తే వెతకడమే నరకం. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. తీగలకు రెక్కల బిళ్లలు తగిలిస్తున్నాం. గాలికి తిరుగుతాయి, మెరుస్తాయి. ఎంతో కొంత పనిచేస్తాయి. పూర్తిగా పనిచేస్తాయని నేను చెప్పలేను, నా చేతులతో తగిలించినవే అయినా.

మీ పాత కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. అది కూడా "ఖాళీ భూమి" అనే మాట మీదే వచ్చింది. సోలార్ వద్దని నేనెట్లా అంటాను, నా జీతమే అది. కానీ చెట్లు నాటేవాడికీ ప్యానెళ్లు పెట్టేవాడికీ కనబడేది ఒకే భూమి. అదే నా బాధ.

పచ్చదనం_ప్రసాద్ | 9:15

పిట్టలదొర గారూ, ఒక ప్రశ్న, పోట్లాట కాదు. పిట్ట ఎలాగూ లేదు. పదేళ్ల పైనుంచి మీ రోళ్లపాడులో బట్టమేక ఊసే లేదంటున్నారు. లేని పిట్ట కోసం నలభై ఎకరాలు ఎండబెట్టుకోవాలా? చెట్టయితే కనీసం కార్బన్ పీల్చుకుంటుంది.

పిట్టలదొర | 9:58

మంచి ప్రశ్న. రెండు మాటలు.

ఒకటి, గడ్డి కూడా కార్బన్ పట్టుకుంటుంది, కాకపోతే వేళ్లలో, మట్టిలో దాస్తుంది. మనకు కనబడదు కాబట్టి లెక్కలోకి రాదు. రెండోది, ఆ బీడులో బట్టమేక ఒక్కటే కాదు. చలికాలం సాయంత్రం రోళ్లపాడు వెళ్లండి. మధ్య ఆసియా నుంచి వచ్చిన హారియర్ డేగలు గుంపులు గుంపులుగా గడ్డిలోకి దిగుతాయి. రాత్రి గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. పగలంతా చేలల్లో మిడతలు తింటాయి, రైతుకు మందు ఖర్చు తగ్గిస్తాయి. చెట్లు వస్తే అవీ దిగవు. వానాకాలంలో నేలనెమలి (బట్టమేక జాతిదే, చిన్నది) వచ్చేది, ఎగిరెగిరి పడి ఆడదాన్ని పిలిచేది. భరతపక్షులు, కుందేళ్లు, నక్కలు. ఇదంతా "ఏమీ లేదు" లెక్కలోకే వస్తుంది.

కడప_కారం | 11:20

మాది కడప జిల్లా, లంకమల పక్క. మీ బట్టమేకను మీరు పోగొట్టుకున్నారు, మా కలివికోడి కథ కూడా వినండి. అది బీడు పిట్ట కాదు, పొదల పిట్ట. కానీ నీతి అదే.

1848లో జెర్డాన్ అనే సైన్యం డాక్టరు దొరికించుకున్నాడు. 1900లో అనంతపురం వైపు చివరిసారి కనబడింది. ఆ తర్వాత ఎనభై ఏళ్ల పైన అంతరించిందనే రాసుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మా వాళ్లే ఒకాయన రాత్రి టార్చి వేసుకుని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు అప్పటికే బొమ్మ చూపించి ఊరూరా అడుగుతున్నారు. మా పల్లెల్లో దానికి పేరుంది, కలివి పొదల్లో తిరిగే కోడి అని. సైన్సుకు కనబడక ఎనభై ఏళ్లు, మా వాళ్లకు మాత్రం ఎప్పుడూ పోలేదు! పట్టిన పిట్ట కొన్నాళ్లకే చచ్చిపోయింది, అది వేరే బాధ.

ఇది రాత్రి పిట్ట. కళ్లు ఇంతింత. పగలు పొదలో కదలకుండా నిలబడితే రాయికీ దానికీ తేడా తెలీదు. అందుకే పరిశోధకులు పొదల మధ్య సన్న మట్టి జల్లెడ పట్టి బాటలా పరిచేవారు. పొద్దున్నే వెళ్లి అడుగులు చూసేవారు. మూడు వేళ్లు ముందుకు, వెనక వేలు లేదు అంటే చూడాల్సిందే. మా మామ కొన్నాళ్లు ఆ మట్టి పరిచే కూలికి వెళ్లాడు. "జీతమిచ్చి మన్ను ఊడ్పిస్తున్నారు, పిచ్చోళ్లు" అని నవ్వేవాడు. ఒకరోజు ఆ అడుగు ఆయనే మొదట చూశాడు. ఆ తర్వాత నవ్వలేదు.

అసలు పాయింటు. కలివికోడికి చిక్కటి అడవీ వద్దు, బోడి నేలా వద్దు. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలుండే చోట ఎక్కువగా కనబడుతుందని లెక్క తేల్చారు. పొదలు అలా ఉండేదెట్లా? గొర్రెలు మేస్తే, ఆడవాళ్లు వంటచెరుకు కొట్టుకుంటే. మరీ మేపితే బోడి అవుతుంది. పూర్తిగా ఆపేస్తే పొద మూసుకుపోతుంది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చాక మేకను కొట్టి తరిమితే అడవి బాగుపడుతుంది అనుకున్నారు కొందరు. అంత సులువు కాదు.

రేగడి_రైతు | 11:34

తెలుగుగంగ కాలువ దానిలోంచే పోయిందన్నారు, నిజమేనా?

కడప_కారం | 11:51

పోవాల్సింది, తప్పింది. 2005లో పొక్లెయిన్లు పొదల్లోకి దిగాయి. పక్షుల వాళ్లు చూసి గోల చేశారు, సుప్రీంకోర్టు కమిటీ దాకా వెళ్లింది, చివరికి కాలువ దారి మార్చారు. ఒక పిట్ట కోసం కాలువ వంకర తిరగడం మన దగ్గర జరిగిందంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

అయినా 2008, 09 తర్వాత పిట్ట జాడ లేదు. కెమెరాలు పెట్టారు, కూత వినిపించారు, లేదు. చివరికి 2025 ఆగస్టులో ఒక బృందానికి రాత్రిపూట కూత దొరికింది, రికార్డు చేశారు. ఆ రోజు మా మామకు ఫోన్ చేశా. "నేను చెప్పలా" అన్నాడు.

కొత్త_బైనాక్యులర్ | సోమవారం, ఉదయం 6:12

వావ్!! ఆ కూత రికార్డయిన చోటు ఎక్కడో కరెక్టుగా చెప్పగలరా? వచ్చే నెల నేనూ ఫ్రెండ్సూ కారులో వస్తాం. బ్లూటూత్ స్పీకర్ ఉంది, కూత వేస్తే బయటికి వస్తుంది కదా?

మోడరేటర్ | 6:45

ఆ చోటు ఇక్కడ ఎవరూ రాయొద్దు. రాసిన పోస్టు తీసేస్తాం.

కడప_కారం | 7:03

తమ్ముడూ, ఉత్సాహం అర్థమైంది. కానీ ఆలోచించు. రాత్రి ఒంటరిగా తిరిగే పిట్టకు, వేరే పిట్ట కూత వినబడితే శత్రువు వచ్చాడనో, జోడు వచ్చిందనో తిండి మానేసి పరుగెత్తుతుంది. వస్తే నీ కారు. రోజుకు మూడు కార్లు వస్తే అది ఎప్పుడు తింటుంది? పైగా ఆ అడవిలో ఎర్రచందనం కాపలా ఉంటుంది, రాత్రి తిరిగితే నిన్ను పట్టుకుపోతారు :)

కొత్త_బైనాక్యులర్ | 7:10

సారీ అన్నా. అంత ఆలోచించలేదు.

బెజ్జూరు_గుట్ట | 9:25

కొంచెం పక్కదారి. మా ఆసిఫాబాద్ జిల్లాలో పాలరాపు గుట్ట మీద రాబందులుండేవి. పశువులకు వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వల్ల దేశంలో రాబందులు ఊడ్చుకుపోయాయి, 2006లో నిషేధించారు. అయితే మనుషులకని పెద్ద సీసాల్లో వచ్చింది పశువుకు వేసేవారు. మందు ఆపితే పిట్ట తిరిగొస్తుంది, అది ఒకే తాళం. బట్టమేకకు వంద తాళాలు. ఒక్క తాళం చెవితో తెరుచుకునే పిట్ట అదృష్టమున్న పిట్ట.

తుంగభద్ర_ఒడ్డు | 10:02

పెంచి వదిలే పని కూడా జరుగుతోంది కదా? జైసల్మేర్‌లో గుడ్లు తెచ్చి పొదిగిస్తున్నారని చదివా.

సబ్‌స్టేషన్_సుధాకర్ | 10:30

అవును. సమ్‌లో, రామ్‌దేవ్రాలో కేంద్రాలున్నాయి. 2019 నుంచి అడవిలోని గుడ్లు తెచ్చి ఇంక్యుబేటర్‌లో పొదిగించారు. 2024 అక్టోబర్‌లో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది. ఆ రోజు ఇక్కడ స్వీట్లు పంచారు. పిల్లలు బాగానే పెరుగుతున్నాయి. రేపు వాటిని ఎక్కడ వదలాలన్నదే ప్రశ్న. తీగ లేని, కుక్క లేని, మందు లేని గడ్డినేల చూపించండి.

మిడుతూరు_టు_డాలస్ | రాత్రి 9:40

అన్నీ రెండుసార్లు చదివా. నిన్న కొంచెం కోపం వచ్చింది, నిజం చెప్తున్నా. ఈరోజు నాన్నకు ఫోన్ చేసి ఆ బీడు గురించి అడిగా. ఆయన మొదటి మాట: "మొక్కలు నాటితే గొర్లు యాడ మేయాలరా? మూడిండ్లోళ్లు దాని మీదే బతుకుతున్నారు." మా ఇరవై మంది గ్రూపులో ఆ మూడిళ్ల వాళ్లను ఒక్కరూ అడగలేదు. నాకు సిగ్గేసింది. ఒక సోలార్ కంపెనీ మనిషి కూడా లీజుకు అడిగి పోయాడట.

సరే, చెట్లు వద్దు. మరి ఏం చేయాలి? ఊరికే వదిలేయడానికి ఆరు లక్షలు ఎందుకు?

పిట్టలదొర | 10:15

వదిలేయడం కాదన్నా, కాపాడటం. సర్కారు తుమ్మ వచ్చి ఉంటే వేళ్లతో పీకించండి, దానికి కూలి బాగానే అవుతుంది. పైపైన కొడితే రెట్టింపు లేస్తుంది. గుంతలు, కందకాలు తీయొద్దు. గొర్రెలవాళ్లతో కూర్చుని ఒక పక్క మేపుతుంటే ఇంకో పక్కకు రెండు మూడు నెలలు సెలవు ఇచ్చేట్టు మాట్లాడండి, వానాకాలంలో ముఖ్యంగా. ఊరి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించండి, నేల మీద గుడ్డుకు కుక్కను మించిన యముడు లేడు. పంచాయతీ తీర్మానం ఒకటి రాయించండి, ఇది మేతబీడు, అమ్మకానికి, లీజుకు లేదని. మిగిలిన డబ్బు జింకలు మేసిన చేలకు ఇవ్వండి.

బట్టమేక వస్తుందని మాత్రం మాట ఇవ్వలేను.

రేగడి_రైతు | 10:22

జింకలు మేసిన చేలకు డబ్బు ఇవ్వమన్న దానికి నా ఓటు.

మిడుతూరు_టు_డాలస్ | బుధవారం, ఉదయం 8:05

అప్‌డేట్. గ్రూపులో ఓటింగ్ పెట్టా. మొక్కలకు పదకొండు, గడ్డికి తొమ్మిది. "గడ్డి ముందు నిలబడి ఫొటో ఏం దిగుతాం రా" అని ఒకడు. ఓడిపోయా అనుకున్నా. ఈలోగా గుంతల కోసం సున్నంతో గుర్తులు పెట్టడానికి మేస్త్రి వెళ్లాడు. నాన్న కూడా వెళ్లి ఈ ఫొటో పంపారు. రాళ్ల మధ్య నాలుగు గుడ్లు, రాళ్ల రంగే. గుర్తు పెట్టిన చోటికి రెండడుగుల దూరం. ఏ పిట్టవి?

పిట్టలదొర | 8:20

పసుపు తిత్తి చితువ. మే నెలే దాని కాలం. పక్కన అడుగు పెట్టొద్దని చెప్పండి, తల్లి దగ్గర్లోనే అరుస్తూ ఉంటుంది.

మిడుతూరు_టు_డాలస్ | 8:24

అరుస్తోందట. మేస్త్రి సున్నం బకెట్ అక్కడే పెట్టి చెట్టు కిందికి వెళ్లి కూర్చున్నాడు. గ్రూపులో ఫొటో పెట్టా, మళ్లీ ఓటింగ్ అడుగుతున్నారు.

మోడరేటర్ | 8:31

ఫొటోలో లొకేషన్ కనబడుతోంది. అది తీసేసి మళ్లీ పెట్టండి.